రౌటర్ హెచ్చరికలు: ఏ పోర్టు, ఎన్ని సెకన్లు?

2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్, వాట్సాప్ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. ఫేస్‌బుక్ సంస్థ డీఎన్‌ఎస్ సర్వర్లకు దారి చూపే బీజీపీ ప్రకటనలు ఆగిపోవడంతో వాటి చిరునామా ప్రపంచానికి తెలియకుండా పోయింది. బీజీపీ వంటి రౌటింగ్ ప్రోటోకాల్‌పై నిఘా ఎందుకంటే ఇందుకే.

పొరుగు రౌటర్‌తో సంబంధం తెగగానే రౌటర్ తనంతట తాను పంపే సందేశం ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్. అది యూడీపీ 162వ పోర్టుకు చేరుతుంది. నిర్వహణ సర్వర్ అడిగే ప్రశ్నలను రౌటర్ అందుకునేది 161లో. పరీక్షలో ఆప్షన్లుగా ఈ రెండూ పక్కపక్కనే ఉంటే తడబడొద్దు. లాగ్ సందేశాలు పంపే సిస్‌లాగ్‌కు యూడీపీ 514. తీవ్రత స్థాయిలు 0 నుంచి 7, అంకె పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది.

ఈథర్నెట్‌పై ఓఎస్‌పీఎఫ్ అనే మరో రౌటింగ్ ప్రోటోకాల్ సాధారణంగా 10 సెకన్లకోసారి హలో పంపుతుంది. 40 సెకన్లు రాకపోతే పొరుగు రౌటర్ లేనట్టే లెక్క. సిస్కో రౌటర్లలో బీజీపీకి ఈ గడువులు 60, 180 సెకన్లు. అంటే హెచ్చరిక రావడానికి మూడు నిమిషాలు పట్టొచ్చు! అంత ఆగలేనిచోట తెగిన సంబంధాన్ని సెకను లోపే పసిగట్టే బీఎఫ్‌డీ ప్రోటోకాల్‌ను వాడతారు.

పొరుగు సంబంధం తెగితేనే హెచ్చరిక అనుకుంటే చాలదు. అందుతున్న రూట్ల సంఖ్య హఠాత్తుగా మారినా, ఒకే రూటు పదేపదే వచ్చిపోతున్నా తెలియాలి. అయితే ప్రతి కుదుపుకూ మోగే హెచ్చరికను ఎవరూ పట్టించుకోరు. పరిమితులు ఆచితూచి పెట్టాలి.

బీజీపీ నడిచేది టీసీపీ 179పై, ఓఎస్‌పీఎఫ్ ఐపీ ప్రోటోకాల్ సంఖ్య 89. ఈ రెండూ కంఠస్థం చేయండి.