బంతి ఎటు పోతుంది?

1999లో అమెరికాలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగింది. చివరి ఆట అమెరికాకూ చైనాకూ. ఎవరూ గోలు వేయలేదు. అందుకని పెనాల్టీలు పెట్టారు. గోలుకు 11 మీటర్ల దూరంలో బంతి పెడతారు. ఎదురుగా గోలు కాసే ఆమె ఒక్కతే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్క తన్నే.

అమెరికా తరఫున ఐదో తన్ను బ్రాండీ చాస్టెయిన్‌ది. ఎడమ కాలితో తన్నింది. గోలు పడింది. కప్పు అమెరికాకు వచ్చింది.

ఇంత గురి ఎట్లా కుదురుతుంది? బలం ఒక్కటే చాలదు. తన్నే కాలు ఎంత ముఖ్యమో, నేల మీద నిలిచిన కాలూ అంతే ముఖ్యం. కట్టెలు కొట్టేవాళ్లు ముందు కాళ్లు కుదురుగా పెట్టుకుంటారు కదా! ఆ తరువాతే గొడ్డలి ఎత్తుతారు. ఇదీ అంతే.

నిలిచిన కాలు బంతి పక్కనే ఉండాలి. దాని వేళ్లు గోలు వైపు చూడాలి. మోకాలు కొంచెం వంగాలి. ఆ కాలు బాగా వెనకబడితే ఒళ్లు వెనక్కి వాలుతుంది. బంతి గోలు మీదుగా పైకి పోతుంది.

తన్నే కాలి చీలమండ బిగించి ఉంచాలి. వేళ్ల కొసతో తంతే బంతి ఎటు పోతుందో చెప్పలేం. పాదం లోపలి పక్క వెడల్పుగా ఉంటుంది. దానితో తంతే గురి కుదురుతుంది. వేగం మాత్రం కొంత తగ్గుతుంది.

గోలు వైపు ముందే చూసుకోవాలి. తన్నేటప్పుడు చూపు బంతి మీదే ఉండాలి.