ఆటస్థలం పక్కన క్యాంటీన్: ఏది ఎంత అమ్మాలి?

సాయంత్రం అరగంట బ్యాడ్మింటన్ ఆడిన 40 కిలోల పిల్లవాడు ఎంత శక్తి ఖర్చు చేస్తాడు? సరదాగా ఆడే బ్యాడ్మింటన్‌కు కిలో బరువుకు గంటకు సుమారు 5.5 కిలోకాలరీలు పడతాయి. అంటే అరగంటకు 110. పిల్లల్లో ఈ లెక్క కొంత మారవచ్చు. ఆట అయ్యాక కొనుక్కునే 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో దాదాపు 32 గ్రాముల చక్కెర ఉంటుంది. గ్రాముకు 4 చొప్పున 128 కిలోకాలరీలు. ఈ లెక్కన ఆడి ఖర్చు చేసినదానికంటే తాగి చేర్చుకున్నదే ఎక్కువ. పక్కన ఉన్న సమోసా సంగతి ఇంకా ఈ లెక్కలోకి రాలేదు.

ఈ లెక్క ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కు బాగా వర్తిస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1891లో నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా వేసిన ప్రధాన మార్గం ఈ ఊరి మీదుగానే సాగింది. ఆ రైల్వే ఉద్యోగాలకు వచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే కేంద్రం. కట్నీ వైపు వెళ్లే మార్గంలో ఊరి అంచున ఉన్న ఉస్లాపూర్ కూడా ఈ రైల్వే ప్రపంచంలో భాగమే. రైల్వే కాలనీ అంటే క్వార్టర్లతో పాటు ఇన్‌స్టిట్యూట్, ఆటస్థలం కూడా. ఊళ్లో బహతరాయి స్టేడియం వంటి రాష్ట్రస్థాయి శిక్షణ కేంద్రం కూడా ఉంది. ఆటలున్న చోట టీ బండో, క్యాంటీనో ఉండక మానదు.

అక్కడ ఏం అమ్మాలో చెప్పే నిబంధన ఉందా? బడికైతే ఉంది. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి ఆవరణలో అమ్మకూడదు. బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల కూడా అమ్మకూడదు. మంచిదే. కానీ అదే పిల్లవాడు సాయంత్రం అయిదు గంటలకు కోచింగ్ కోసం మైదానానికి వెళ్తాడు. ఆ మైదానం బడికి 60 మీటర్ల దూరంలో ఉంటే ఈ నియమం అక్కడికి చేరదు. ఉదయం గేటు దగ్గర దొరకనిది సాయంత్రం నెట్ పక్కనే దొరుకుతుంది.

ప్యాకెట్ మీద రాసి ఉంటుంది కదా, చూసి కొనుక్కోవచ్చు అనుకోవచ్చు. అందులో ఒక మెలిక ఉంది. లేబుల్ మీద కనిపించే శాతం, రోజుకు 50 గ్రాముల అదనపు చక్కెర అనే కొలత మీద కట్టినది. 32 గ్రాములంటే లేబుల్ భాషలో 64 శాతం. అంటే ఇంకా చోటున్నట్టే అనిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు మాత్రం చక్కెరను రోజువారీ శక్తిలో 5 శాతం లోపే ఉంచమంటున్నాయి. 2000 కిలోకాలరీలు తినే వ్యక్తికి అది 25 గ్రాములు. ఆ లెక్కన ఒక్క సీసాతోనే రోజు కోటా దాటిపోయింది. రెండు కొలతలూ అధికారికమైనవే. కొనేవాడికి కనిపించేది మాత్రం ఉదారమైన కొలతే.

క్రీడా కేంద్రాలకే ప్రత్యేకంగా నియమాలు రాసుకున్న చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. కెనడాలోని అల్బెర్టా రాష్ట్రం పదార్థాలను తరచుగా, అప్పుడప్పుడు, అరుదుగా తినవలసినవిగా విడదీసింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం ట్రాఫిక్ లైట్ల రంగులు వాడింది. అమ్మకానికి పెట్టినవాటిలో కనీసం సగం ఆకుపచ్చ, ఎరుపు 20 శాతానికి మించకూడదు. ఈ పద్ధతిలో దేన్నీ నిషేధించరు. సమోసా ఉంటుంది, కానీ కౌంటర్ నిండా అవే ఉండవు. ఎదురుగా, చేతికి అందే ఎత్తులో ఏముందన్నదే కొనుగోలును చాలావరకు నిర్ణయిస్తుంది కాబట్టి వాటా గురించిన నియమం నిషేధం కంటే ఆచరణకు దగ్గరగా ఉంటుంది.

బిలాస్‌పూర్‌లో ఆకుపచ్చ వాటా నింపడం కష్టమేమీ కాదు. ఇడ్లీ ఉంది. ఆవిరి మీద ఉడికించే ఛత్తీస్‌గఢీ ఫరా ఉంది. ఉడికించిన శనగలు, వేరుశనగలు, మరమరాలు, అరటిపండు ఉన్నాయి. మన చద్దన్నానికి తోబుట్టువులాంటి బోరే బాసీని అక్కడివాళ్లు ఎండాకాలమంతా తింటారు. దాన్ని కౌంటర్‌లో అమ్మడం కుదరకపోవచ్చు గానీ, మజ్జిగ అమ్మవచ్చు. ఎండ 40 డిగ్రీలు దాటే ఊళ్లో చెమటతో నీరూ సోడియమూ పోతాయి. చిటికెడు ఉప్పు వేసిన మజ్జిగ రెండింటినీ తిరిగి ఇస్తుంది. గంటలోపు ఆటకైతే మామూలు నీళ్లే చాలు. స్పోర్ట్స్ డ్రింక్ పేరుతో వచ్చే అరలీటరు సీసాలో 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. గంటల తరబడి పరుగెత్తేవారికి అది పనికొస్తుంది, అరగంట షటిల్ ఆడిన పిల్లలకు కాదు. జిమ్ కౌంటర్లలో డబ్బాలుగా పేర్చే ప్రొటీన్ పొడులను కూడా జాతీయ పోషకాహార సంస్థ వద్దనే చెప్పింది.

వేపుడు సరుకులో కంటికి కనబడని సమస్య నూనె. ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాచితే కొవ్వు అణువులు విరిగి, ధ్రువ సమ్మేళనాలు పోగవుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని 2018 జులై నుంచి దేశమంతటా నిబంధన ఉంది. నూనెలో ముంచి ఈ శాతాన్ని చూపే చేతి మీటర్లు మార్కెట్‌లో దొరుకుతాయి. చిన్న బండివాడికి ఆ ఖర్చు భారమే. కానీ ఒక స్టేడియంలో క్యాంటీన్లన్నిటికీ కలిపి ఒక్క మీటరు సరిపోతుంది.

చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. కూల్‌డ్రింక్ నెలల తరబడి పాడవదు, ఫ్రిజ్‌ను చాలాచోట్ల కంపెనీయే ఇస్తుంది. మజ్జిగ సాయంత్రానికి పులుస్తుంది, అరటిపండు మూడో రోజుకు నల్లబడుతుంది. ఆ నష్టాన్ని మోయమని దుకాణదారుడిని ఒక్కడినే అడిగితే అతను ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు. అందుకే వాటా నియమాన్ని క్యాంటీన్ కాంట్రాక్టులోనే రాసి, దానికి బదులుగా అద్దె కొంత తగ్గించడం న్యాయమైన దారి. ఖర్చు తక్కువైన పని ఇంకొకటి కూడా ఉంది: కోర్టుకు పది అడుగుల్లో పనిచేసే మంచినీటి కుళాయి.