గొట్టము లోపలి పాచి

చదువవలసిన భాగములు: మత్తయి 23:25, 26; 5:23, 24

కొల్లేటి ప్రాంతములో చేపలు పెంచువారు మనలో అనేకులు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచిన యెడల, నీటిలో ప్రాణవాయువు తగ్గినదని వారెరుగుదురు. నాచు పగలు ప్రాణవాయువునిచ్చును గాని, రాత్రి తానే దానిని వాడుకొనును.

ఇంటిలోని గాజు తొట్టికిని పాచి బాధ కలదు. నీటిని వడపోసి పంపు గొట్టము లోపల పాచి పట్టి, పారుదల తగ్గించును. ఎండ తగులుటయు, మిగిలిన మేత కుళ్లుటయు దీనికి కారణములు. పైపైన తుడిచిన చాలదు. కరెంటు ఆపి, గొట్టమును ఊడదీసి, దారమునకు గుడ్డపీలిక కట్టి లోపలినుండి లాగి, మంచినీటితో కడుగవలెను. సబ్బు చేపలకు హాని గనుక వాడరాదు. తరువాత తొట్టిని ఎండ తగలని చోట నుంచి, మేత తగ్గింపవలెను. లేనియెడల పాచి మరల వచ్చును.

గిన్నె లోపలి భాగమును మొదట శుద్ధిచేయవలెనని మన ప్రభువు బోధించెను. ఆదివారపు తెల్లబట్టలు పైతుడుపు మాత్రమే. చెరువు గట్టును గూర్చిన పాత తగవు లోపల కుళ్లుచుండగా, సహోదరునితో మాటలు లేకయే ప్రభు భోజనపు బల్లయొద్దకు వచ్చుచున్నామా? పాచి పట్టినదని గొట్టమును ఎవరు పారవేయుదురు? విప్పి కడుగుదురు. దేవుడును మనలను పారవేయడు. ఒప్పుకొనుట మన పని, కడుగుట ఆయన పని.

ఆలోచించుడి: ఈ వారము నేను ఎవరి గడప తొక్కవలెను?

ప్రార్థన: ప్రభువా, మా అంతరంగమును కడిగి, సమాధానపడుటకు మొదటి అడుగు వేయు ధైర్యము మాకు దయచేయుము. ఆమేన్.