చెవికి కొత్తదైన పాట

మనుష్యుని ఇంద్రియములలో చెవికున్నంత మొండిపట్టు మరి దేనికిని లేదనుకొందును. పొరుగు దేశపు వంటకమును కుతూహలముతో రుచిచూచువాడు సైతము, పొరుగు దేశపు పాట వినవచ్చినంతనే అర నిమిషమైనను ఓర్వక, ‘ఇది వట్టి గోల’ యని తీర్పు చెప్పి లేచిపోవును. కర్ణాటక సంగీత రసికుడైన తాతగారు రాక్ సంగీతమును గూర్చియు, రాక్ సంగీతాభిమానియైన మనుమడు రాగాలాపనను గూర్చియు పలుకు మాటలు చిత్రముగ ఒక్కటే. తీర్పును కొంతసేపు నిలిపియుంచగల శక్తి వ్యక్తిత్వమునకు ప్రధానాంగమని నమ్మువారు, శని ఆదివారములలో ఒక సాయంకాలమును ఎంచుకొని, ఇంటివారును మిత్రులును తలకొక పాట తెచ్చి, ఒకరు తెచ్చినదానిని తక్కినవారు కడదాక వినవలెనను నియమమును పెట్టుకొందురేని, అంతకంటె సులభమైన సాధన నాకు కానరాదు. పాటను నడుమ ఆపి వ్యాఖ్యానించు అలవాటు గలవారిని ఆ సాయంకాలమునకు కాఫీ కలుపు పనికి నియోగించుట మేలు.

ఇట్టి ఎంపికలలో మిక్కిలి సాహసోపేతమైనది 1977లో జరిగినది. ఆ సంవత్సరము ఆగస్టు, సెప్టెంబరు మాసములలో అమెరికా ప్రయోగించిన రెండు వాయేజర్ అంతరిక్షనౌకలకును బంగారుపూత గల గ్రామఫోను రికార్డును చెరియొకటి అమర్చిరి. ఖగోళశాస్త్రజ్ఞుడైన కార్ల్ సాగన్ నాయకత్వమున కూడిన చిన్న బృందము, సుమారు 90 నిమిషములలో ఇముడునట్లు, సమస్త భూలోకమునకు ప్రతినిధులుగ 27 సంగీతఖండములను ఏరవలసివచ్చెను. బాఖ్, బీథోవెన్‌ల సరసనే బల్గేరియా జానపదగీతమును, పెరూ దేశపు పెండ్లిపాటయు, కేసర్‌బాయి కేర్కర్ గానము చేసిన భైరవియు, చక్ బెర్రీ రాక్ గీతమును చోటు చేసికొన్నవి. జానపదగీత సేకరణమునకు జీవితమును ధారవోసిన ఏలన్ లోమాక్స్ ఈ బృందమునకు అమూల్యములైన పాటలను సూచించిన ఉపకారి. అట్టివాడే రాక్ సంగీతము కుర్రతనపు చేష్టయని ఆక్షేపింపగా, ఈ భూమిమీద కుర్రవారును అనేకులు కలరు గదా యని సాగన్ బదులిచ్చెనట.

ఇందొక చమత్కారము కలదు. 1941లో మిసిసిపీ రాష్ట్రపు పత్తిచేల నడుమ పొలముపని చేసికొనుచున్న మడ్డీ వాటర్స్ అను నల్లజాతి గాయకుని బ్లూస్ పాటలను యంత్రమున ముద్రించినవారిలో ఈ లోమాక్స్ ఒకడు. పిదప చికాగో నగరము చేరి ప్రఖ్యాతుడైన ఆ వాటర్సే, 1955లో తన్ను కలిసికొన్న చక్ బెర్రీకి చెస్ రికార్డ్స్ సంస్థకు దారి చూపెను. లోమాక్స్ ప్రేమించిన పాటకును, అతడు ఆక్షేపించిన పాటకును నడుమ ఒక్క మనుష్యుని దూరమే యున్నది! ఊరూర తిరిగి పామరుల పాటలకు చెవి యొగ్గిన విశాలహృదయునికి సైతము ఒకచోట తలుపు మూసియుండుట చూడగా, మన చెవులలో ఎన్ని తలుపులు మూసియున్నవో మనకై మనము కనుగొనుట దుర్లభమనియు, ప్రక్కవాడు పాట తెచ్చి తట్టినపుడే అవి తెలియవచ్చుననియు తోచును. కావున ఒకే సాయంకాలమున మొదట వాటర్స్‌ను, వెంటనే బెర్రీని వినుడు. రెంటికిని గల చుట్టరికము ఉపన్యాసము లేకయే బోధపడును.

అయితే పాటను పంచుటయనగా పొగడుట కాదు. 1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థము జరిగిన కచేరీలో, రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ తమ వాద్యములను శ్రుతి చేసికొని నిలిపినంతనే సభ చప్పట్లతో మారుమ్రోగెను. శ్రుతి చేయుటయే ఇంతగా నచ్చినచో వాదనము మరింత నచ్చునని ఆశింతునని రవిశంకర్ సభికులకు మనవి చేసెను. ఆ చప్పట్లలో ఆదరమునకు కొదవలేదు, వినుటయే లేదు. ఎచ్చట చెవి నిలుపవలెనో ముందుగా ఒక్క మాట చెప్పువాడు కావలెను. త్యాగరాజకృతిని వినిపించువాడు రాగలక్షణములను ఏకరువు పెట్టక, పల్లవిలోని ఒకే పాదము సంగతి సంగతికి ఎట్లు విస్తరిల్లుచున్నదో గమనింపుమనిన చాలును. ఒగ్గుకథను తెచ్చినవాడు కథకుని మాటను వంతగాడు అందుకొను క్షణమును, డోలు జోరు హెచ్చు తావును చూపవలెను. బెర్రీ పాటలో గొంతు ఆగినంతనే గిటారు బదులు పలుకుట వినబడిన కుర్రవానికి, ఒగ్గుకథకుని వంతగాడు పరాయివాడు కాడు.

భాష తెలియదను అభ్యంతరము తరచుగ వినబడును. తెలుగు రానివారెందరో తమిళనాట త్యాగరాజకీర్తనలను తన్మయులై వినుచుండగా, ఈ మాట అనుటకు మనమే కొంత సంకోచింపవలెను. అప్పటికిని మనసొప్పనిచో, అంధుడైన బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో పాడిన పాటతో ఆరంభింపవచ్చును. వాయేజర్ రికార్డులో చేరిన ఆ గానమున మాటలే లేవు, మూలుగువంటి కూనిరాగమును గిటారు తీగపై జారు నాదమును తప్ప. ఓపిక తక్కువైనవారికి కేసర్‌బాయి భైరవి అనుకూలము. దాని నిడివి మూడున్నర నిమిషములే.

ఇంతయు విని, మరునాడు రెండవమారును విని, ‘నాకు నచ్చలేదు’ అనువాడొకడు తప్పక యుండును. వాని నోరు మూయింపరాదు. ఏ తావున విసుగు పుట్టెనో వానిచేత చెప్పించి, వచ్చు ఆదివారపు మొదటి పాటను తెచ్చు బాధ్యతను వానికే అప్పగింపవలెను.