ఏడున్నర గంటల కోరికలు, గంటన్నర తీరిక

సమస్య

నా వయసు 34. ఎర్రగడ్డలో అద్దెకుంటున్నాం. నేను పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మా వారిది జీడిమెట్లలో షిఫ్టు డ్యూటీ. బాబు నాలుగో తరగతి, పాప యూకేజీ. అత్తయ్య మాతోనే ఉంటారు, ఆవిడకి షుగర్.

ఉగాది రోజు ఈ ఏడాది చేయాల్సినవన్నీ డైరీలో రాసుకున్నాను. గ్రూప్-2కి చదవాలి. అమీర్‌పేటలో క్లౌడ్ కోర్సు నేర్చుకోవాలి. దసరాకల్లా 15 కిలోలు తగ్గాలి. నెలకు 20 వేలు దాచాలి. రోజూ బాబుకి లెక్కలు నేనే చెప్పాలి. నెలకో పుస్తకం చదవాలి. దసరా కూడా వెళ్ళిపోయింది. గ్రూప్-2 పుస్తకం ఒక్కటీ సగం దాటలేదు. కోర్సు డెమో క్లాసు దగ్గరే ఆగింది. దాచిన డబ్బు స్కూలు ఫీజులకి తీసేశాం. రెండు కిలోలు తగ్గాను, మళ్ళీ పెరిగాను.

నాతోపాటు ఆఫీసులో చేరిన అమ్మాయి కోర్సు చేసి మంచి జీతానికి వెళ్ళిపోయింది. మా వారు మంచివారే. కానీ నా డైరీ చూసి, ‘ఇన్ని నెత్తిన పెట్టుకుంటే మన ఎర్రగడ్డ ఆసుపత్రిలోనే చేరతావు’ అని నవ్వుతారు. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నాలో పట్టుదల లేదా మేడమ్?

— ఒక సోదరి, ఎర్రగడ్డ

సలహా

అమ్మా, మీ ఉత్తరం చదవగానే మీ జాబితా పక్కన గంటలు వేసి చూశాను. గ్రూప్-2కి రోజుకు 3, కోర్సుకు 2, నడకకు 1, బాబు లెక్కలకు 1, పుస్తకానికి అర. మొత్తం ఏడున్నర గంటలు. ఉద్యోగం, వంట, పిల్లలు, అత్తగారి వేళలు అన్నీ పోగా మీకు మిగిలేది మహా అయితే గంటన్నర. ఎంతటి పట్టుదల ఉన్నవాళ్ళకైనా ఈ లెక్క కుదరదు. విడివిడిగా చూస్తే మీ కోరికల్లో ఏదీ అత్యాశ కాదు. కానీ అన్నింటికీ సమయం ఇవ్వాల్సింది మీరొక్కరే. అందుకే ఈ ఏడాదికి ఒక్కదాన్నే ముందుకు నడపండి. మిగతావాటిని చెయ్యిజారకుండా చూసుకుంటే చాలు.

ఆ ఒక్కటి ఏది? ముందు గ్రూప్-2 సంగతి చూద్దాం. తెలంగాణలో 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. దరఖాస్తులు ఐదున్నర లక్షలు దాటాయి. పరీక్ష వాయిదాల మీద వాయిదాలు పడి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. నాలుగు పేపర్లు, 600 మార్కులు. ఆ రెండేళ్ళూ చదువు వదలకుండా కూర్చున్నవాళ్ళ ఓపికకు దణ్ణం పెట్టాలి. అయితే ఎప్పుడు జరుగుతుందో తెలియని పరీక్షకు మీకున్న గంటన్నరనూ ఇచ్చేస్తే ఇంకే పనికీ చోటుండదు. ఈ ఏడాదికి దాన్ని పక్కన పెట్టమనే నా సలహా. కోర్సు పూర్తయ్యాక, అప్పటికీ మనసు అటే లాగితే మొదలుపెట్టండి.

కాబట్టి ఆ ఒక్కటీ కోర్సే కానివ్వండి, కానీ ఏ కోర్సో ఒక్కసారి ఆలోచించండి. ఎవరో క్లౌడ్ నేర్చుకుని వెళ్ళారని మీరూ మొదటి మెట్టు నుంచి ఎక్కాలా? అకౌంట్స్ మీకు వచ్చిన పని. అమీర్‌పేటలో అకౌంట్స్ పనికి వాడే శాప్ ఫైకో సాఫ్ట్‌వేర్ నేర్పే చోట్లున్నాయి. అకౌంట్స్ తెలిసినవాళ్ళకు అందులో సగం మాటలు పరిచయమైనవే. జీఎస్టీ పని లోతుగా నేర్చుకోవడమూ మంచిదే. రెండు మూడు చోట్ల డెమో వినండి. అక్కడ చదివి ఉద్యోగంలో చేరినవాళ్ళతో మాట్లాడండి. ఆ తర్వాతే ఫీజు కట్టండి, అదీ విడతల్లో కట్టవచ్చా అని అడగండి. శని, ఆదివారాల బ్యాచ్ ఎంచుకుని, మిగతా రోజుల్లో పిల్లలు పడుకున్నాక అరగంట సాధన చేయండి. ఉద్యోగం ఎప్పుడొస్తుందో మీ చేతిలో లేదు. ఫలానా నెలకల్లా కోర్సు పూర్తిచేయడం మీ చేతిలో ఉంది. డైరీలో ఆ రెండోదే రాసుకోండి.

బరువు సంగతీ అంతే. 15 కిలోలు అన్నది ఫలితం, నడక మీ పని. పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే అరగంట చొప్పున ఐదు రోజులు. సాయంత్రం పంజాగుట్టలో మెట్రో రైలెక్కకుండా అమీర్‌పేట దాకా చురుగ్గా నడిచి, అక్కడ ఎక్కండి. ఆ అరగంటలో కొంత భాగం దారిలోనే తీరిపోతుంది. పుస్తకం రైల్లో చదివినంత చదవండి. నెలకో పుస్తకం అన్న షరతు తీసేయండి.

డబ్బు విషయంలో మూడు నెలల ఖర్చులు ముందేసుకుని, నిజంగా మిగిలేదెంతో చూడండి. అది 5 వేలే అయితే జీతం పడ్డ రోజే 5 వేలకు రికరింగ్ డిపాజిట్ కట్టండి. స్కూలు ఫీజు ఏటా వచ్చేదే కాబట్టి దాన్ని 12 భాగాలు చేసి వేరే ఖాతాలో వేయండి. అప్పుడు ఫీజుల కోసం దాచినదాని మీద చెయ్యి పడదు. బాబు లెక్కలు మాత్రం తండ్రికి అప్పగించండి. ఆయన షిఫ్టును బట్టి వారంలో మూడు రోజులు కుదిరినా చాలు. అది మీకు చేసే సాయం కాదు, తండ్రిగా ఆయన వంతు.

నడుమ ఓ రోజు తప్పిందని అంతా పోయిందనుకోకండి. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు కొత్త అలవాటు ఎంతకాలానికి కుదురుతుందో గమనిస్తే సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజుల్లోనే కుదిరితే, కొందరికి 254 రోజులు పట్టేలా ఉందని లెక్క తేలింది. నడుమ ఒకరోజు తప్పినవాళ్ళకూ పెద్ద నష్టం జరగలేదు.

ఇక మీ వారి మాట. ఆయన సరదాకే అని ఉండవచ్చు. కానీ నిద్ర పట్టని మనిషి ముందు ఆ మాట అనకూడదు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం మనుషుల బాధ తీర్చే చోటు, నవ్వుకోవడానికి పనికొచ్చే పేరు కాదు. నిద్రలేమి, దిగులు రెండు వారాలు దాటి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ వారమే మీ ఇద్దరూ కూర్చుని ఎవరి వంతు ఏమిటో తేల్చుకోండి. మూడు నెలలకోసారి జాబితా తీసి చూడండి. ఏదైనా కదలకపోతే ముందు దాని పరిమాణం తగ్గించండి, లేదా ఇంకొకరితో పంచుకోండి. మిమ్మల్ని మీరు మాత్రం శంకించుకోకండి. ఇంటినీ ఉద్యోగాన్నీ రోజూ నడుపుతున్న మనిషికి పట్టుదల లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను, ఆ మాట మీరే అన్నా సరే.