కలుపు తీయు చేతికి కబురు అందవలెను



కాలువ తలవైపు పొలములకు నీరు ముందు పారును. చివరి పొలములు ఎదురుచూడవలసివచ్చును. ఇంటర్నెట్ ద్వారా వచ్చు వ్యవసాయ సమాచారమును ఇట్లే పారుచున్నది.

అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారము, ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏండ్ల వయసువారిలో ఒక్కసారియైనను ఇంటర్నెట్ వాడినవారు పురుషులలో నూటికి సుమారు 49 మంది, స్త్రీలలో 21 మంది మాత్రమే.

ఇందువలన పైరుకే నష్టము. వరిలో నాటువారు, కలుపు తీయువారు ఎక్కువగా స్త్రీలు. కాండము తొలుచు పురుగు సోకి మొవ్వు ఎండినచో అది మొదట వారి కంటబడును. ఫోను మాత్రము మగవాని జేబులో నుండును. చూచినవారికి అడుగు వీలు లేదు, అడుగగలవారు చూడలేదు. ఈలోపల పురుగు పిలకలను తినివేయును.

కావున ఈ క్రింది పనులు చేయవలెను:

1. ఫోనులో వచ్చిన సలహాను ఇంటివారికి, కూలీలకు చదివి వినిపించవలెను.

2. తెగులు సోకిన మొక్కను ఫొటో తీసి పంపుట ఇంటి ఆడవారికి నేర్పవలెను.

3. ఇంటర్నెట్ లేనివారు మామూలు ఫోనుతోనే కిసాన్ కాల్ సెంటరును (1800-180-1551) ఉదయము 6 గంటల నుండి రాత్రి 10 గంటల వరకు తెలుగులో సంప్రదించవచ్చును. రుసుము లేదు.

4. పి.ఎం. కిసాన్ ఈ-కెవైసిని కామన్ సర్వీస్ సెంటరులో వేలిముద్రతో చేయించుకొనవచ్చును. ఫోనుకు వచ్చిన ఓటీపీని ఎవరికిని చెప్పరాదు.

చివరి మడి తడిసిననే పారకము పూర్తియైనట్లు.