ముందు గడప కొలవమ్మా



మీ నాన్నకు మోటారు వీల్‌చైర్ తెప్పించాలని తొందరపడుతున్నావు. అసలు వద్దని అనను. కానీ ఏ పరికరమైనా మనిషి బతికే తీరుకు ఒదగాలి, ఖరీదు ఆ తర్వాతి మాట. జైపూర్ కాలు సంగతే చూడు. 1968 ప్రాంతంలో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ దాన్ని రూపొందించేనాటికి విదేశీ కృత్రిమ పాదాలు లేకపోలేదు. అవి బూట్లు వేసుకునేవాళ్ల కోసం చేసినవి. వాటితో గొంతుక్కూర్చోలేరు, బాసింపట్టు వేసుకోలేరు, ఉత్త కాళ్లతో బురదలోకి దిగలేరు. రబ్బరుతో చేసిన ఈ పాదం వీటన్నిటికీ పనికొచ్చింది కాబట్టే జనం తొడుక్కున్నారు.

అదే కంటితో మీ ఇంటిని చూడు. నాన్నకు కుడివైపు పడిపోయింది. మామూలు వీల్‌చైర్ చక్రాన్ని ఎడమచేత్తోనే తిప్పితే అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. సీటు కాస్త కిందికి ఉండి ఎడమ పాదం నేలకు ఆనితే, ఆ కాలితో నెట్టుకుంటూ తిన్నగా పోగలడు. సీటు మరీ వెడల్పయితే బలం లేని వైపుకు ఒరిగిపోతాడు. గుమ్మం ముందు వాలు కట్టించాలంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్క. అరడుగు మెట్టుకు ఆరడుగులు కావాలి. బాత్రూమ్ తలుపులోంచి కుర్చీ దూరకపోతే ఎన్ని లక్షలు పోసినా వాడు ఇంకొకరి భుజం పట్టుకోవలసిందే. (మనవాళ్లు పూజగదికి వేసినంత ప్లాను బాత్రూమ్‌కు వేయరు.) జారని స్టూలు, గోడకు స్టీలు పిడి, నాలుగు కాళ్ల కర్ర ముందు రానీ.

కర్ర అలవాటైతే కాలు పనిచేయడం మానేస్తుందని చుట్టాలు అంటారు. అందులో కొంత నిజముంది. పక్షవాతం వచ్చిన చేతిని వాడకపోతే, ఆ వాడకపోవడమే అలవాటుగా స్థిరపడుతుందని ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. కానీ పడతానన్న భయంతో మంచం దిగనివాడి కాలికి సాధన ఎక్కడిది? కర్ర వాణ్ణి నడిపిస్తుంది, ఎడమచేత్తో పట్టుకోమను. ఆ అభ్యంతరం నిజంగా తగిలేది నడిచే ఆశ ఉండగానే కొనే మోటారు కుర్చీకి. ఫిజియోథెరపిస్టు చూసేదాకా ఆర్డరు ఆపు.

డబ్బు మాటకొస్తే, వికలాంగులకు ఇలాంటి పరికరాలు ఇచ్చేందుకు కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకం ఉంది. 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి, ఆదాయ పరిమితి చూస్తారు. ఇచ్చినదల్లా తెచ్చుకోకు, కూర్చోబెట్టి చూసి తీసుకో. బాత్రూమ్ గోడకు పెట్టే పిడి ఎత్తు మాత్రం మేస్త్రీకి నువ్వు చెప్పకు. నాన్నను కమోడ్ మీద కూర్చోబెట్టి, ఎడమచెయ్యి సులువుగా ఆనేచోట వాడిచేతే గుర్తు పెట్టించు.

మీ పెదనాన్న